చాటలో తెల్లరాళ్ళు

మొన్న నరసరావుపేటలో కళ్ళజోడు మార్పించుకుందామని అద్దాల షాపుకి వెళ్ళాను. మందుబిళ్ళల అట్ట మీది అక్షరాలు మళ్ళీ ఒకదాన్లో ఒకటి కలిసిపోవడం మొదలై ఆరు నెలలైంది. కనపడ్డవాళ్ళందరి చేతా చదివించుకుంటూ నెట్టుకొచ్చి, చివరికి పొద్దున వేసుకోవాల్సిన బిళ్ళ సాయంత్రం మింగాక ఇక లాభం లేదని బయల్దేరాను. షాపులో పరీక్ష చేసే అమ్మాయికి నిండా పాతికేళ్ళుండవు. నా ముక్కు మీద బరువైన చట్రం ఒకటి పెట్టి, అందులో గాజుబిళ్ళలు వేస్తూ తీస్తూ "ఇప్పుడెలా ఉంది మేడం? ఇప్పుడు?" అని అడుగుతోంది. నాకు చత్వారం వచ్చి పన్నెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఎవర్నీ అడగని మాట ఆ పిల్లని అడిగాను. "అసలెందుకొస్తుందమ్మా ఇది?"

పాపం, ఓపిగ్గా చెప్పింది. కంటిలోపల ఒక చిన్న బిళ్ళ ఉంటుందట. దాని చుట్టూ సన్నని కండరం. దూరం చూసేటప్పుడు ఆ కండరానికి పనుండదు, బిళ్ళ పలచగా పరుచుకుని ఊరుకుంటుంది. దగ్గర చూడాలంటే మాత్రం కండరం బిగుసుకోవాలి, బిళ్ళ ఉబ్బాలి. వయసులో ఉన్నప్పుడు లేత తాటిముంజెలా మెత్తగా ఉంటుంది గనక ఇట్టే ఉబ్బుతుంది. (ముంజె పోలిక నాది. ఆ పిల్ల జెల్లీ అంది.) ఏళ్ళు గడిచేకొద్దీ ముంజె ముదురుతుంది. కండరం ఎంత బిగిసినా అది కదలదు. అప్పుడు దూరం శుభ్రంగా కనపడుతుంది, చేతిలో ఉన్నది కనపడదు. "అందరికీనా?" అన్నాను. "అందరికీ మేడం. నలభై దాటాక, కాస్త ముందూ వెనకా." "ఆడవాళ్ళకి కూడా?" అన్నాను. ఆ పిల్ల ఫక్కున నవ్వి, "ఆడవాళ్ళకి వేరే కళ్ళుంటాయా మేడం?" అంది.

ఉంటాయనే అనుకున్నారమ్మా మా ఇంట్లో. పైకి మాత్రం అనలేదు. ఎనభైల్లో, గురజాల దాటి మాచర్ల వైపు వెళ్ళే రోడ్డు మీద ఉన్న మా ఊళ్ళో, మా అమ్మ నలభై రెండేళ్ళ కళ్ళ మీద ఒక విచారణ జరిగింది. దోషి అని తేల్చారు. శిక్ష మాత్రం ఇద్దరం అనుభవించాం.

మా ఇల్లు బస్సు రోడ్డుకి ఆనుకుని ఉండేది. నాపరాళ్ళు పరిచిన పొడుగాటి పంచ, ఆ పంచలో ఒక మూల నాయనమ్మ నులకమంచం, దానికి ఎదురుగా గోడవార అమ్మ కూర్చునే చోటు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అంట్లు తోమడం అయ్యాక, అమ్మ బియ్యం బస్తా మూతి విప్పి చాటలోకి పోసుకుని అక్కడ కూర్చునేది. గోనెసంచి వాసన, తవుడు వాసన, పెరట్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు. తుమ్ములు మాకు లెక్కలోకి వచ్చేవి కావు. కాలవ నీళ్ళొచ్చాక మా నాన్న సగం పొలం వరికి తిప్పాడు. బియ్యం ఇంటివే. కానీ పల్నాట్లో నేల నాలుగు వేళ్ళ లోతు గోకితే సున్నపురాయే గదా. కళ్ళంలో నూర్చిన వడ్లతో పాటు ఆ రాతిముక్కలూ మిల్లుకెళ్ళేవి, బియ్యంతో పాటు తిరిగొచ్చేవి. నల్లరాయైతే గుడ్డివాడైనా ఏరేస్తాడు. ఇవి తెల్లవి, అచ్చం బియ్యపుగింజంత, బియ్యపుగింజ రంగువి.

మా నాన్న అన్నం తినేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఆయన చెప్పింది కాదు, అలా అలవాటైపోయింది. వంటింటి గడప ఇవతల అమ్మ, గడప మీద నేను, ఇద్దరం ఆయన పళ్ళ చప్పుడు వింటూ నిలబడేవాళ్ళం. కటుక్కుమనేది. నాన్న నమలడం ఆపి, రెండు వేళ్ళతో రాయి తీసి, అమ్మకి కనపడేట్టుగా కంచం అంచున పెట్టేవాడు. మళ్ళీ తినేవాడు. తిట్టినా బాగుండేది.

నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. "నా చేత్తో ఏరినన్నాళ్ళు ఈ ఇంట్లో ఒక్క రాయి పంటికి తగల్లా. ఏమే, కళ్ళు పెట్టి చూస్తే గదా? దాని చూపంతా బజారు మీదే" అనేది. అదీ నిజమే. అమ్మ చాటలోకి రెండు నిమిషాలు చూసేది, తల ఎత్తి రోడ్డు మీదికి చూసేది. మళ్ళీ చాట, మళ్ళీ రోడ్డు. దూరం చూసినప్పుడు ఆమె ముఖంలో నొసటి ముడులు విప్పుకునేవి. ఆ కండరానికి కాస్త విశ్రాంతి అన్నమాట. ఇది నాకు మొన్న షాపులో అర్థమైంది. అప్పట్లో నాకూ అమ్మ బజారు చూస్తోందనే అనిపించేది.

పైగా అమ్మ దూరపు చూపుకి ఊళ్ళో పేరుండేది. మలుపు దగ్గర దుమ్ము లేవగానే అది మాచర్ల బస్సో పిడుగురాళ్ళ లారీయో చెప్పేసేది. మా అరుగు మీద బస్సు కోసం కూర్చున్నవాళ్ళు "ఏ బస్సమ్మా అది?" అని అమ్మనే అడిగేవాళ్ళు. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. బోర్డు మీది అక్షరాలు అల్లంత దూరాన్నుంచి చదివి చెప్పేది. అంత దూరం బస్సు బోర్డు చదివే మనిషికి ఒళ్ళో ఉన్న చాటలో రాయి కనపడదంటే ఎవరు నమ్ముతారు? అమ్మే నమ్మలేదు. తనకి శ్రద్ధ తగ్గిందని, ధ్యాస నిలవడం లేదని, ఏదో పాపమని అనుకునేది. చాటని మోకాళ్ళ అవతలికి జరిపేది, ఎండలోకి జరిగేది, కళ్ళు నులుముకునేది. మా నాన్న కూడా పేపరు చెయ్యి బారున చాచి పట్టుకుని చదివేవాడు. అది ఆయన దర్జా అనుకునేవాళ్ళం. "ఈ పేపరోళ్ళు అక్షరాలు చిన్నయి చేశార్రా, కాగితం మిగుల్చుకుంటన్నారు" అనేవాడు. అరుగు మీదివాళ్ళంతా అవునవునని తలలూపేవాళ్ళు.

తొమ్మిదో తరగతిలో ఉండగా నాకు సంగతి తెలిసింది. ఒకరోజు అమ్మ ఏరి పక్కన పెట్టిన చాటలోంచి ఊరికే ఆడుకుంటూ గుప్పెడు తీశాను. అందులో నాలుగు రాళ్ళు. అమ్మకి చూపించాను. అమ్మ నా అరచెయ్యి పట్టుకుని వెనక్కీ ముందుకీ జరిపి, "ఏవే? ఎక్కడ?" అంది. నేను వేలు పెట్టి చూపిస్తే తడిమి చూసి, చప్పున నా గుప్పెట మూసేసింది. "మీ నాయనమ్మతో అనమాక" అంది. అంతే, మా మధ్య ఒప్పందం కుదిరిపోయింది. బడికి పోయే ముందు వంటింట్లో తలుపు దగ్గరికేసి ఆ పూట బియ్యం నేను ఏరేదాన్ని. మధ్యాహ్నం అమ్మ పంచలో కూర్చుని ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతున్నట్టు నటించేది. సూదిలో దారం నేను ఎక్కించేదాన్ని. వారపత్రికలో సీరియల్ "నువ్వు చదివితే వినబుద్దైతది" అంటే నా గొంతు బాగుంటుందేమోనని మురిసిపోయి చదివేదాన్ని. అమ్మ పత్రిక తెరవడం ఎప్పుడో మానేసిందని నాకు తట్టలేదు. ఏడాదిన్నర పాటు నాన్న పంటి కింద రాయి పడలేదు. నాయనమ్మ అది తన తిట్ల ఫలితమనుకుంది.

పదో తరగతిలో నేను ఫస్టు క్లాసులో పాసయ్యాను. మా లెక్కల మాస్టారు ఇంటికొచ్చి, గుంటూరులో ఆడపిల్లల కాలేజీ ఉందనీ, హాస్టలు కూడా ఉందనీ, నాకు సీటు ఖాయమనీ నాన్నతో చెప్పారు. నాన్న ఎగిరి గంతేయలేదు గానీ కాదనలేదు. "చూద్దాంలెండి మాస్టారూ. ఫారం తెప్పించండి" అన్నాడు. నాయనమ్మ మాత్రం నన్ను చూపిస్తూ, "కోటీ పోతే ఇంట్లో చేతిసాయం ఎవరే?" అంది. అమ్మ నోరు తెరిచి మాట్లాడ్డం తక్కువ. ఆ రోజు మాత్రం గడప లోపలినుంచే, "నేను చేసుకుంటా అత్తయ్యా. దాన్ని పోనీయండి" అంది.

ఆ మర్నాటి నుంచి అమ్మ నన్ను చాట ముట్టుకోనివ్వలేదు. "నువ్వు పోయినాక నేనే చెయ్యాలిగా. ఇప్పట్నించే అలవాటు కానీ" అనేది. మధ్యాహ్నం ఎండ నెత్తిన పడుతున్నా చాటతో వాకిట్లోకి వచ్చి కూర్చునేది. ఒక్కో గింజనీ వేలితో తోసి చూసేది. రెండు గంటలు పట్టేది. కళ్ళలోంచి నీళ్ళు కారేవి, తలనొప్పితో సాయంత్రం నొసటికి గుడ్డ బిగించి కట్టుకునేది. అయినా రాళ్ళు వచ్చేవి. నేను రహస్యంగా ఏరబోతే చెయ్యి మీద కొట్టింది. నన్ను గుంటూరు పంపడానికి మా అమ్మ తన కళ్ళతో కుస్తీ పట్టింది. గెలవలేదు.

ఫారం మీద సంతకం పెట్టించుకోవడానికి మాస్టారు వచ్చిన రోజు నాన్న ఆయన్ని భోజనానికి కూర్చోబెట్టాడు. గోంగూర పప్పు, దోసకాయ కూర, గడ్డపెరుగు. మాస్టారు రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కటుక్కుమన్న చప్పుడు గడప ఇవతల నాకు వినపడింది. ఆయన మర్యాదస్తుడు. ఏమీ కానట్టు నీళ్ళు తాగి మింగేశారు. మళ్ళీ ముద్దకి మళ్ళీ కటుక్. ఈసారి దవడ పట్టుకున్నారు. నాన్న ముఖం నల్లబడిపోయింది. మాస్టారు చెయ్యి కడుక్కుని, "పర్లేదండీ, పర్లేదు" అంటూ వెళ్ళిపోయారు. ఫారం గూట్లోనే ఉండిపోయింది. ఆయన వీధి మలుపు తిరిగాక నాన్న తన కంచం ఎత్తి వాకిట్లోకి విసిరేశాడు.

"ఇంటికొచ్చిన మనిషికి రాళ్ళు పెడతావంటే? నా పరువు తియ్యాలనే గదా?"

"చూశానయ్యా. రెండుసార్లు చూశాను" అంది అమ్మ.

"చూస్తే ఎందుకుంటయ్యే?" నాయనమ్మ మంచం మీంచి లేచొచ్చింది. "పిల్ల పోతే పని మీద పడద్దని ఇప్పట్నించే సాధిస్తంది. నాకు అరవయ్యొకటి వచ్చినయ్. నాకేమన్నా కళ్ళు పోయినయ్యా? దీనికి నలభైకే పోయినయ్యా?"

నేను ఉండబట్టలేకపోయాను. "అమ్మకి కనపడట్లా నాన్నా. నిజంగా కనపడట్లా. ఇన్నాళ్ళూ నేనే ఏరాను" అనేశాను.  అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆడదానికి కళ్ళు కనపడవంటే ఆ రోజుల్లో దాని అర్థం ఒకటే, గుడ్డిది. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషిని మొగుడి ముందూ అత్త ముందూ గుడ్డిదాన్ని చేసింది సొంత కూతురు.

పిడుగురాళ్ళలో ఏదో బళ్ళో కళ్ళ క్యాంపు పెట్టారని తెలిసి, ఆ వారంలోనే నాన్న అమ్మని బస్సెక్కించాడు. "చూసిందానివి నువ్వేగా, నువ్వు గూడా రా" అని నన్నూ తీసుకెళ్ళాడు. బళ్ళో చెట్ల ఆకుల మీద కూడా సున్నపు దుమ్మే. బట్టీల వైపు పోయే లారీలు కిటికీల్ని ఊపేస్తున్నాయి. వరసలో ఉన్నవాళ్ళంతా శుక్లాలొచ్చిన ముసలివాళ్ళు, చేతికర్రలవాళ్ళు. నల్లజుట్టున్నది అమ్మ ఒక్కతే. మొదటి బల్ల దగ్గర, సాయానికొచ్చిన కాలేజీ కుర్రవాడొకడు కూర్చున్నాడు. దూరంగా గోడ మీద అక్షరాల అట్ట. అది చదవలేనివాళ్ళని లోపల డాక్టరు దగ్గరికి, చదివినవాళ్ళని ఇంటికి. అదీ పద్ధతి.

అమ్మ చదివింది. పై వరస చదివింది, మధ్య వరస చదివింది, అడుగున చీమతలకాయంత అక్షరాలూ గడగడా చదివింది. అక్కడితో ఆగకుండా, కిటికీలోంచి పోతున్న లారీ వెనక రాసి ఉన్నది కూడా చదివింది. ఆ కుర్రవాడు పెన్ను కింద పెట్టి, "అమ్మా, నీ కళ్ళు నాకిచ్చి నావి నువ్వు తీసుకోరాదూ!" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. కొంగుతో నోరు మూసుకుని సిగ్గుపడింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమెని నలుగురి ముందు ఒకరు మెచ్చుకోవడం నేనైతే అదే చూడ్డం. ఆ సంతోషంలో తను ఎందుకొచ్చిందో మర్చిపోయింది. నేను "దగ్గరిది కనపడదండీ" అని గొణిగాను. "దూరమే ఇంత బాగుంటే దగ్గర గురించి చెప్పేదేముందమ్మా? జరగండి, జరగండి" అన్నాడా కుర్రవాడు. వాణ్ణి అని ఏం లాభం? చూపంటే దూరపు చూపే అని అక్కడున్న అందరూ అనుకున్నారు, మా నాన్నా అనుకున్నాడు, అమ్మా అనుకుంది.

 ఇంటికొచ్చి నాన్న కాళ్ళు కడుక్కుంటూ నాయనమ్మతో ఒక్క మాట చెప్పాడు. "కళ్ళు భేషుగ్గా ఉన్నయ్యంట. ఒళ్ళే వంగట్లా." ఇక దానికి అప్పీలు లేదు. అంతకుముందు అమ్మది అజాగ్రత్త. ఇప్పుడు పొగరు. అంతకుముందు నేను జాలి గల కూతుర్ని. ఇప్పుడు తల్లిని వెనకేసుకొచ్చే అబద్ధాలకోరుని. అమ్మ కూడా నన్ను అదే అడిగింది, వంటింట్లో, నెమ్మదిగా. "చూశావుగా, నా కళ్ళు బానే ఉన్నయ్. మరి నాకేమైందంటావే?" 

నాలుగు రోజులు చూశాను. రోజూ కటుక్కుమంటూనే ఉంది. రోజూ ఒక కంచం వాకిట్లోకి పోతోంది. అయిదో రోజు నాన్న చెయ్యి కూడా లేచింది. అమ్మ మీద పడకుండా మధ్యలోనే ఆగిపోయింది గానీ, అది ఎప్పుడో ఒకరోజు పడుతుందని ముగ్గురికీ తెలుసు. ఆ పూట భోజనాలయ్యాక గూట్లోంచి ఫారం తీసి నాన్న చేతికిచ్చాను. "నేను పోనులే నాన్నా. నాకు అంత ఇష్టం లేదు. ఇంట్లోనే ఉంటా" అన్నాను. నాన్న "నీ ఇష్టం" అన్నాడు. నాయనమ్మ ఆకులో సున్నం రాసుకుంటూ ఉండిపోయింది. నేను అమ్మ వైపు చూశాను. ఒక్కసారి, ఒక్కసారి వద్దంటుందేమోనని. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండేళ్ళు. పంచలో, గోడవార, అమ్మ కూర్చునే చోట నేను. చాట నా ఒళ్ళో. ఇప్పుడు దాపరికం కూడా అక్కర్లేదు. పదిహేడేళ్ళ కళ్ళు గదా, రాళ్ళు వాటంతటవే కనపడేవి, చేతులు వాటంతటవే ఏరేవి. నా ఈడు పిల్లలు సెలవులకొచ్చి గుంటూరు కబుర్లు చెబుతుంటే వింటూ ఏరేదాన్ని. వాళ్ళ బస్సు మలుపు తిరిగేదాకా చూసి, మళ్ళీ చాటలోకి చూసేదాన్ని. నాకు దూరమూ కనపడేది, దగ్గరా కనపడేది, రెండూ బాగా కనపడేవి. వెళ్ళడానికి దారే లేదు. మా అమ్మంటే నాకు అసహ్యం పుట్టింది. దాచడమెందుకు, ఈ వయసులో? ఆమె దగ్గు, ఆమె నడక, సూది పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడే ఆ పద్ధతి, ఏదీ సహించేది కాదు. దారం ఎక్కించి సూదిని ఆమె చేతిలో గుచ్చేట్టుగా ఇచ్చేదాన్ని. ఆమె ఎప్పుడూ అబ్బా అనలేదు. ఇవాళ మా ఇంట్లో బియ్యం సంచి కత్తిరించి నేరుగా కుక్కర్లో పోస్తున్నాం. చాటంటే మా మనవరాలికి తెలియదు. నాకు నలభై నాలుగో ఏట అక్షరాలు మసకబారితే పావుగంటలో జోడు వచ్చింది, ఇంట్లో అందరూ నన్ను బామ్మగారూ అని ఏడిపించారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మా అమ్మకి దక్కాల్సింది.

మా వెనకింట్లో కాశింబీ పిన్ని ఉండేది. భర్త లారీ మెకానిక్కు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఒక వేసవిలో అమ్మా నేనూ జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్ళాం. కాశింబీ పిన్ని ముక్కు మీద కొత్తగా కళ్ళజోడు. దానికి ఒకవైపు కాడ లేకపోతే దారం కట్టి చెవికి చుట్టుకుంది. కాజా కుడుతూ, మాతో మాట్లాడాలంటే జోడు నెత్తి మీదికి తోస్తోంది. అమ్మ అది కాసేపు చూసి, "దూరం కనపడట్లేదా కాశింబీ నీకు?" అని అడిగింది.

"దూరానికేం అక్కా, బెమ్మాండంగా కనపడతది. దగ్గరే. సూది బెజ్జం కనపడి చస్తేనా!"

అమ్మ మిషను దగ్గరికి జరిగింది. "దగ్గర కనపడకుండా... అట్టాంటి జబ్బుంటదా?"

"జబ్బేందక్కా, వయసు! మా ఇళ్ళల్లో చాళీసంటారు. నలభై దాటితే అందరికీ వచ్చేదే. మాచర్ల సంతలో తాడుకి వేలాడేసి అమ్ముతా ఉంటారుగా. నీగ్గూడా వచ్చే ఉంటదే, ఇటు రా." అని జోడు తీసి, దారంతో సహా అమ్మ చెవులకి తగిలించింది.

అమ్మ తన అరచేతులు చూసుకుంది. తిప్పి వెనకా చూసుకుంది. మిషను మీది గుడ్డలో పోగులు చూసింది. తర్వాత నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, జానెడు దూరంలోకి. "ఈ మచ్చెప్పటిదే?" అంది. పోయినేడాది పోపు చిట్లినప్పటిదని చెప్పాను. "ఏడాదా?" అంది.  ఆ జోడు తియ్యకుండానే, కాశింబీ పిన్నిని అడగకుండానే, గబగబా ఇంటికి నడిచింది.

ఏం చేస్తుందోనని వెనకే పరిగెత్తాను. అమ్మ జోడు తీసి కొంగులో దాచుకుంది. బస్తాలోంచి చాటెడు బియ్యం పోసి తెచ్చి నాయనమ్మ ఒళ్ళో పెట్టింది. "అత్తయ్యా, ఒక్కసారి మీరు ఏరి చూపించండి. నాకు చాతకావట్లా" అంది. నాయనమ్మకి ఎక్కడ లేని హుషారొచ్చింది. అమ్మ కోడలిగా వచ్చిన ఇరవయ్యేడేళ్ళలో ఆమె ఒళ్ళోకి చాట రావడం అదే. చెంగు దోపుకుని, గాజులు వెనక్కి తోసుకుని, చాటని చకచకా ఎగరేసి, వేళ్ళతో దులిపి, "ఇదిగో, ఇట్టా. చూడు, అద్దంలాగుంది" అని అమ్మ చేతికిచ్చింది. అమ్మ జోడు పెట్టుకుంది. ఒక రాయి తీసి నాయనమ్మ అరచేతిలో పెట్టింది. ఇంకోటి. ఇంకోటి. నాయనమ్మ బొటనవేలితో వాటిని తడుముతూ ఉండిపోయింది. అరచెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా జరిపింది. ఒకప్పుడు నా అరచెయ్యి పట్టుకుని అమ్మ చేసినట్టే.

"నువ్వొచ్చిన్నాడే నీకిచ్చేశాగదంటే చాట" అంది చివరికి.  "అప్పుడు నాకు ముప్ఫై ఆరు. మళ్ళా పట్టుకున్న పాపాన పోలా. నాగ్గూడా పోయినయ్యని నాకెట్టా తెలుస్తదే?" నిజమే, ఆ ఇంట్లో ఏ ఆడదానికీ తెలిసే వీల్లేదు. చూపు తగ్గే వేళకి కోడలొచ్చేది, చాట చేతులు మారేది. మా అమ్మకి నాకు ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ దక్కలేదు. ఆమెకి కోడలు రాలేదు. అందుకే ఆ వంశంలో పట్టుబడ్డది ఆమె ఒక్కతే.

సాయంత్రం నాన్న పొలం నుంచి రాగానే నాయనమ్మే ఎదురెళ్ళింది. "ఒరేయ్, రేపు మాచర్ల పోయి దీనికి కళ్ళజోడు తీసుకురా. నాగ్గూడా ఒకటి. పిల్లని గుంటూరు పంపు." నాన్న బిత్తరపోయాడు. "క్యాంపులో బాగున్నయ్యన్నారుగా?" అన్నాడు. "దూరం బాగుందన్నారు. దగ్గరెవరడిగారు?" అంది అమ్మ. ఆయన ముఖం చూసి మాట్లాడటం అదే మొదలు. నాన్న చాలాసేపు తలపాగా విప్పుతూ, చుడుతూ కూర్చుని, "రెండేళ్ళు పోయినయ్ గదమ్మా. వినుకొండ సంబంధం మాట్లాడతన్నాం. ఇప్పుడు చిన్నపిల్లల పక్కన కూచుంటదా?" అని నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకు పోవాలనుందా?"

"నాకొద్దు" అన్నాను. కసి. రెండేళ్ళ కసి. ఇప్పుడు వీళ్ళకి కనపడింది గనక నేను లేచి గంతులెయ్యాలా అనిపించింది. భయం కూడా. ఆ గోడవార చోటు నాకు అలవాటైపోయింది, లెక్కలన్నీ మర్చిపోయాను. "ఇప్పుడెందుకు? నాకు ఇంట్లోనే బాగుంది" అన్నాను. నాన్న "సరే మరి" అని లేవబోయాడు.

అమ్మ వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. జోడు తీసి పక్కన పెట్టింది. "ఆ రోజు గూడా ఇదే మాటన్నావు. పోనులే, ఇష్టం లేదన్నావు. నేను నమ్మా. కళ్ళు కనపడక కాదే కోటీ. నమ్మితే నాకు సులువని నమ్మా. తన్నులు తప్పినయ్, పనికి పిల్ల మిగిలిందని, తల్లినై ఉండి లోపల సంతోషపడ్డా." నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇయ్యాల మాత్రం నమ్మను. నువ్వు కాళ్ళావేళ్ళా పడ్డా నమ్మను. పోతావు. లే."

నేను లేవలేకపోయాను. అమ్మే నా చంకల కింద చేతులేసి, చంటిపిల్లని ఎత్తినట్టు, ఆ గోడ దగ్గర్నుంచి లేపింది.